ఆస్ట్రేలియాలో బండికి మార్పులు: ఏది మనమే చేసుకోవచ్చు, దేనికి ఇంజనీరు సంతకం కావాలి

ఆస్ట్రేలియాలో కారు సామాన్ల షాపుకి వెళ్తే హాలోజన్ హెడ్‌లైట్లో దూర్చే ఎల్‌ఈడీ బల్బులు, చక్రాన్ని బయటికి జరిపే వీల్ స్పేసర్లు, చెవులు చిల్లులు పడేలా మోగే ఎగ్జాస్టులు అన్నీ దొరుకుతాయి. దొరుకుతున్నాయి కదా అని బిగించేస్తే రోడ్డు మీద ఇరుక్కుంటాం. అట్ట పెట్టె వెనక సన్నటి అక్షరాల్లో "ఆఫ్ రోడ్ వాడకానికి మాత్రమే" అనో, "రేస్ ట్రాక్‌కి మాత్రమే" అనో రాసి ఉంటుంది. షాపువాడి బాధ్యత ఆ ఒక్క లైనుతో తీరిపోయింది. ఆ తర్వాత పోలీసు ఆపినా, ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగినా జవాబు చెప్పుకోవాల్సింది మనమే.

ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు మొదట అడిగే ప్రశ్న "ఇది ఇక్కడ లీగలేనా?" అని. నిజానికి అడగాల్సింది వేరే ఉంది. ఈ మార్పుకి ఎవరి సంతకం కావాలి? ఆ సంతకం పని మొదలెట్టక ముందా, అయ్యాకా? ఈ రెండింటికీ జవాబు తెలిస్తే డబ్బు మిగులుతుంది, తలనొప్పీ తప్పుతుంది. కింద రాసిందంతా కార్లు, వెనక సామాను ట్రే ఉన్న యూట్‌లు, ఫోర్‌వీల్ డ్రైవ్‌ల గురించే, అంటే 4.5 టన్నుల లోపు బండ్లు. అంతకు మించినవి హెవీ వెహికల్స్ కిందికి వస్తాయి, వాటి చట్టం వేరు.

ముందు ఎవరి పెత్తనం ఎంతో తెలుసుకోండి

బండి తొలిసారి మార్కెట్లోకి వచ్చేదాకా కేంద్ర ప్రభుత్వానిది పెత్తనం. 2018లో చేసిన రోడ్ వెహికల్ స్టాండర్డ్స్ చట్టం 2021 జూలై 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చి, 1989 నాటి పాత చట్టం స్థానంలో కూర్చుంది. బ్రేకులు, సీటు బెల్టులు, లైట్లు, పొగ, చప్పుడు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాలను ఆస్ట్రేలియన్ డిజైన్ రూల్స్ అంటారు. అందరూ ఏడీఆర్ అనే పిలుస్తారు.

రిజిస్ట్రేషన్ అయ్యి రోడ్డెక్కాక పెత్తనం రాష్ట్రానిది. ఆరు రాష్ట్రాలు, రెండు టెరిటరీలు, ఎవరి ఆఫీసు వాళ్ళది. సిడ్నీలో మిత్రుడికి చెల్లిన మార్పు పెర్త్‌లో మనకి చెల్లకపోవడానికి కారణం ఇదే. రాష్ట్రాలన్నీ దాదాపుగా ఆధారం చేసుకునే ఉమ్మడి పుస్తకం ఒకటుంది: వెహికల్ స్టాండర్డ్స్ బులెటిన్ 14, వాడుకలో వీఎస్‌బీ 14. ఇంజను, బ్రేకులు, బాడీ, సీట్లు, టైర్లు-సస్పెన్షన్ అంటూ విభాగాల వారీగా ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ఏ రాష్ట్రమైనా దీనికి తన సొంత మినహాయింపులు, షరతులు తగిలించుకోవచ్చు కాబట్టి వీఎస్‌బీ 14 చదివాక మీ రాష్ట్ర రవాణా శాఖ పేజీ కూడా తెరవాల్సిందే.

గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒకటి: బండి తయారైన రోజుకి ఏ ఏడీఆర్‌లు వర్తించాయో, మార్పు తర్వాత కూడా వాటికి లోబడే ఉండాలి. 1995 కరోలాకీ 2022 కరోలాకీ ఒకే రూలు పుస్తకం కాదు.

మొదటి పని: మీ బండి జాతకం తీయండి

పార్టుల కోసం వెతికే ముందు బండి దగ్గరికి వెళ్ళి నాలుగు వివరాలు ఫోనులో ఫొటో తీసుకోండి.

ఒకటి, కంప్లయన్స్ ప్లేటు. పాత బండ్లకి సాధారణంగా బానెట్ కిందో, డోరు ఫ్రేము మీదో చిన్న లోహపు రేకు ఉంటుంది. ఏడీఆర్‌లకి లోబడిందని ముద్ర వేసిన నెల, సంవత్సరం, వీఐఎన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) దాని మీదే ఉంటాయి. కొత్త చట్టం వచ్చాక ఈ రేకు స్థానంలో రిజిస్టర్ ఆఫ్ అప్రూవ్డ్ వెహికల్స్ అనే ఆన్‌లైన్ జాబితా వచ్చింది. వీఐఎన్ కొడితే వివరాలు చూపిస్తుంది.

రెండు, టైరు ప్లకార్డు. మామూలుగా డ్రైవరు డోరు తెరిస్తే కనిపించే స్టిక్కరు. కంపెనీ ఏ సైజు టైర్లకి ఒప్పుకుందో, ఎంత గాలి పెట్టాలో అందులో ఉంటుంది. టైర్ల లెక్కలన్నీ దీనితోనే మొదలవుతాయి.

మూడు, జీవీఎం, అంటే బండి, మనుషులు, సామాను అంతా కలిపి ఉండదగిన గరిష్ఠ బరువు. వెనక ట్రైలరు లాగేవాళ్ళకి జీసీఎం కూడా కావాలి, అది బండీ ట్రైలరూ కలిపిన బరువు.

నాలుగు, ఇప్పటికే ఏమైనా మార్పు చేసి ఉంటే దాని ప్లేటు లేదా సర్టిఫికెట్.

రెండో పని: మీ మార్పు ఏ గంపలో పడుతుందో చూడండి

ఆస్ట్రేలియాలో ఏ మార్పైనా మూడింట్లో ఒకదానికి చెందుతుంది. ఎవరి సంతకమూ అక్కర్లేకుండా మనమే చేసుకోగలిగేవి మొదటి రకం: రూఫ్ రాక్, కంపెనీ ఒప్పుకున్న సైజు టైర్లు, నిబంధన లోపలి సన్ ఫిల్మ్, డ్రైవింగ్ లైట్లు, ప్రమాణాలకి సరిపోయే టో బార్ (ట్రైలరు తగిలించే కడ్డీ) లాంటివి. సంతకం లేదంటే నిబంధన లేదని కాదు. పాటించే బాధ్యత మన మీదే పెట్టారని అర్థం.

రెండో రకానికి గుర్తింపు పొందిన ఇంజనీరు సర్టిఫికెట్ కావాలి. ఇంజను మార్చడం, మామూలు ఇంజనుకి టర్బో తగిలించడం, సీట్ల సంఖ్య పెంచడం, పరిమితి దాటి బండి ఎత్తు పెంచడం, జీవీఎం పెంచడం, పెట్రోలు బండిని ఎలక్ట్రిక్‌గా మార్చడం, వికలాంగుల కోసం చేతి కంట్రోళ్ళు అమర్చడం ఇందులోకి వస్తాయి.

మూడో రకానికి ఎవరూ సంతకం పెట్టరు. పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు పీకేయడం, డీజిల్ బండ్లలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు తీసేయడం, వీల్ స్పేసర్లు, ఎయిర్‌బ్యాగులు పనిచేయకుండా చేయడం. "అందరూ చేయిస్తున్నారు భయ్యా" అని ఏ వర్క్‌షాపువాడైనా అంటే, రాతపూర్వకంగా ఇమ్మనండి. ఆ మాట వినగానే గొంతు మారిపోతుంది.

మూడో పని: మెకానిక్ కన్నా ముందు ఇంజనీరుని కలవండి

చాలామంది తిరగేసి చేసేది ఇక్కడే. పార్టు ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేస్తారు, మెకానిక్‌తో బిగిస్తారు, ఆ తర్వాత సర్టిఫికెట్ కోసం తిరుగుతారు. లోపల వెల్డింగ్ ఎలా చేశారో కనబడక ఇంజనీరు మళ్ళీ విప్పమంటాడు. రెండు కూలీలు కట్టాల్సి వస్తుంది.

రాష్ట్రాన్ని బట్టి ఆ ఇంజనీరు పేరు మారుతుంది. న్యూ సౌత్ వేల్స్‌లో లైసెన్స్‌డ్ సర్టిఫైయర్ అంటారు, ఆయన ఇచ్చేది కంప్లయన్స్ సర్టిఫికెట్. విక్టోరియాలో వాస్ సిగ్నేటరీ అంటారు, వెహికల్ అసెస్‌మెంట్ సిగ్నేటరీ స్కీమ్ అనే పథకం కింద. క్వీన్స్‌ల్యాండ్‌లో అప్రూవ్డ్ పర్సన్, ఈయన సర్టిఫికెట్‌తో పాటు బండికి మాడిఫికేషన్ ప్లేటు కూడా బిగిస్తాడు. సౌత్ ఆస్ట్రేలియా, వెస్టర్న్ ఆస్ట్రేలియాల్లో పద్ధతి వేరు: పెద్ద మార్పులకి ముందు రవాణా శాఖకి దరఖాస్తు పెట్టి అనుమతి తెచ్చుకున్నాకే పనిలో చెయ్యి పెట్టాలి. అక్కడ చేసేసి తర్వాత అడగడం కుదరదు.

గుర్తింపు పొందినవాళ్ళ జాబితా ఆయా రవాణా శాఖల వెబ్‌సైట్లలో ఉంటుంది. అందులో అందరూ అన్ని పనులకీ సంతకం పెట్టలేరు, ఒకరికి బ్రేకులు, సస్పెన్షన్ వరకే అధికారం ఉండొచ్చు, ఇంకొకరికి సీట్లకి. కాబట్టి ఫోను చేయగానే వీఎస్‌బీ 14లో మీ మార్పుకి ఉన్న కోడ్ ఆయన పరిధిలో ఉందో లేదో అడగండి. తర్వాత మూడు ప్రశ్నలు: ఏ బ్రాండు పార్టయితే ఇబ్బంది ఉండదు, పని మధ్యలో ఏ దశలో వచ్చి చూస్తారు, రోడ్డు పరీక్షలు అవసరమా. ఎత్తు బాగా పెంచిన బండికి లేన్ మార్పు పరీక్ష, పెద్ద ఇంజనుకి బ్రేకు పరీక్ష అడగడం మామూలే. ఫీజు ఎంతో ఈమెయిల్లో రాయించుకోండి. అది కొన్నిసార్లు పార్టు ధరకి దగ్గరగా వస్తుంది, అప్పుడు ఆ మార్పు నిజంగా కావాలో వద్దో మనకే తేలిపోతుంది.

అద్దాలకి ఫిల్మ్

మనవాళ్ళు ఎక్కువగా చేయించే మార్పు ఇదే, ఎండలు అలా ఉంటాయి మరి. మన దేశంలో 2012లో సుప్రీంకోర్టు కారు అద్దాలకి నల్ల ఫిల్మ్ అంటించడాన్ని నిషేధించింది కాబట్టి ఇక్కడ కూడా నేరమేమో అనుకునేవాళ్ళున్నారు. కాదు. ముందు పక్క అద్దాల గుండా కనీసం 35 శాతం వెలుతురు లోపలికి రావాలి, అంతే. వెనక అద్దాలకి రాష్ట్రాన్ని బట్టి సడలింపులు ఉన్నాయి. ముందు విండ్‌స్క్రీన్‌కి మాత్రం వైపర్లు తుడిచే చోటికి పైన ఉండే సన్నటి పట్టీ తప్ప ఏమీ అంటించకూడదు. అద్దంలా మెరిసే ఫిల్మ్ ఏ కిటికీకీ పనికిరాదు.

మోసపోయే చోటు ఈ 35లోనే ఉంది. అది ఫిల్మ్ ఒక్కదాని లెక్క కాదు, అద్దమూ ఫిల్మూ కలిపిన లెక్క. కంపెనీ అద్దం 75 శాతం వెలుతురునే పంపుతుందనుకోండి. దాని మీద 35 శాతం ఫిల్మ్ అంటిస్తే లోపలికి వచ్చేది 75లో 35 శాతం, అంటే 26. నిబంధన తప్పినట్టే. ఆ అద్దానికి 47 శాతానికి తగ్గని ఫిల్మ్ కావాలి. అందుకని అంటించేవాణ్ణి "35 వేస్తారా" అని కాకుండా "అంటించాక మీటరు పెట్టి రీడింగు చూపిస్తారా" అని అడగండి. మంచి షాపులో చేతిలో పట్టే మీటరు ఉంటుంది, అంటించిన చోటే కొలిచి చూపించి బిల్లు మీద ఆ అంకె రాసిస్తారు. ఆ బిల్లు గ్లవ్ బాక్సులో దాచుకోండి.

లైట్లు

అదనపు డ్రైవింగ్ లైట్లు, లైట్ బార్ పెట్టుకోవచ్చు. హై బీమ్ వేస్తేనే వెలిగేలా, హై బీమ్ తీస్తే ఆరిపోయేలా వైరింగ్ ఉండాలి. డ్రైవరు కంటికి అడ్డం రాకూడదు. రూఫ్ మీద పెట్టినప్పుడు బానెట్ మీద వెలుగు పడి కళ్ళు జిగేల్‌మంటే అది కూడా తప్పే. ఫాగ్ లైట్లు పొగమంచులోనో, బాగా కనబడని వాతావరణంలోనో వాడాలి. ఆకాశం తేటగా ఉన్న రాత్రి అందం కోసం వేసుకుని తిరిగితే జరిమానా.

హెడ్‌లైట్ బల్బు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. హాలోజన్ బల్బు కోసం తయారైన గిన్నెలో వెలుగు ఎక్కణ్ణుంచి పుడుతుందో దాన్ని బట్టే అద్దం, రిఫ్లెక్టరు చెక్కి ఉంటాయి. అందులో చౌకరకం ఎల్‌ఈడీయో, హెచ్‌ఐడీయో పెడితే వెలుగు పుట్టే చోటు మారిపోయి, కిరణాలు ఎదుటివాడి కళ్ళలోకి చెదురుతాయి. మనకేమో రోడ్డు తెల్లగా కనిపిస్తుంది, బాగుందనుకుంటాం. అలాంటి బల్బుతో ఆ హెడ్‌లైట్ ఏడీఆర్‌కి లోబడదు. తనిఖీలో దొరికే తప్పుల్లో ఇదొకటి, ఎందుకంటే ఇది చూడ్డానికి ఏ పరికరమూ అక్కర్లేదు.

ఎరుపు, నీలం మెరిసే లైట్లు పోలీసులవి, అంబులెన్సులవి. వాటి జోలికి వెళ్ళొద్దు.

టైర్లు, రిమ్ములు

ఇక్కడ లెక్క చేయక తప్పదు. వీఎస్‌బీ 14 ప్రకారం మామూలు ప్యాసింజరు కారుకి, కంపెనీ చెప్పిన టైరు మొత్తం వ్యాసం కన్నా కొత్త టైరు 15 మిల్లీమీటర్లకి మించి పెద్దదిగా, 26 మిల్లీమీటర్లకి మించి చిన్నదిగా ఉండకూడదు.

ప్లకార్డు మీద 205/55 ఆర్16 అని ఉందనుకుందాం. రిమ్ము 16 అంగుళాలు, అంటే 406.4 మిల్లీమీటర్లు. టైరు గోడ ఎత్తు 205లో 55 శాతం, 112.75. పైనా కిందా రెండు గోడలు కాబట్టి 225.5. మొత్తం 632 మిల్లీమీటర్లు. ఇప్పుడు 18 అంగుళాల రిమ్ముతో 225/45 వేయాలనుకుంటే: 457.2కి 202.5 కలిపితే సుమారు 660. తేడా 28, కుదరదు. అదే రిమ్ముకి 225/40 వేస్తే 637, తేడా 5 మాత్రమే, బాగానే ఉంది. గోడ మీది ఆ ఒక్క అంకెతో లీగల్ కాస్తా ఇల్లీగల్ అవుతుంది.

తర్వాత ట్రాక్, అంటే ఎడమ చక్రం మధ్య గీత నుంచి కుడి చక్రం మధ్య గీత దాకా ఉన్న దూరం. ప్యాసింజరు కార్లకి ఇది 25 మిల్లీమీటర్లకి మించి పెరగకూడదు. రిమ్ము ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్య గీత నుంచి హబ్‌కి ఆనే ముఖం దాకా దూరం) 45 నుంచి 30కి తగ్గిస్తే ఒక్కో పక్క 15 చొప్పున ట్రాక్ 30 పెరుగుతుంది, అయిపోయింది. ఆఫ్ రోడ్ ఫోర్‌వీల్ డ్రైవ్‌లకి ఈ రెండు కొలతల్లోనూ వెసులుబాటు ఎక్కువ: వ్యాసం 50 మిల్లీమీటర్ల దాకా, ట్రాక్ 50 దాకా. ఏ బండికైనా టైరు మడ్‌గార్డు దాటి బయటికి రాకూడదు, టైరు మోయగల బరువు ప్లకార్డు మీది అంకె కన్నా తక్కువ ఉండకూడదు, గాడి లోతు 1.5 మిల్లీమీటర్లకి తగ్గకూడదు.

ఎత్తు పెంచడం, దించడం

ఫోర్‌వీల్ డ్రైవ్ వాళ్ళు తరచూ చెప్పే అంకె "యాభై, ఇరవై అయిదు". సస్పెన్షన్ వల్ల 50 మిల్లీమీటర్లు, టైరు వ్యాసం 50 పెంచడం వల్ల సగం, అంటే 25, కలిపి 75 దాకా చాలా రాష్ట్రాలు ఇంజనీరు సంతకం లేకుండా ఒప్పుకుంటున్నాయి. కొన్ని చోట్ల బండికి ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ (జారకుండా అదుపులో ఉంచే వ్యవస్థ) ఉంటే అదనపు షరతులుంటాయి. అంతకు మించితే సర్టిఫికెట్. బాడీకీ ఛాసిస్‌కీ మధ్య దిమ్మలు పెట్టి లేపే బాడీ లిఫ్ట్‌ని కూడా ఈ మొత్తంలో కలిపే చూస్తారు.

కిట్టు బిగించే ముందే నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య బిందువు నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టి కొలిచి ఫొటో తీసుకోండి. బిగించాక మళ్ళీ కొలవండి. "50 ఎంఎం కిట్" అని అమ్మినది ఖాళీ బండి మీద 65 లేపడం మామూలే, ఎందుకంటే ఆ స్ప్రింగులు బుల్ బార్ (బండి ముందు కట్టే గార్డు), విన్చ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం) బరువు ఉంటుందనుకుని తయారు చేసినవి. హబ్ నుంచి కొలిస్తే టైరు సంగతి కలవదు, సస్పెన్షన్ ఎంత లేచిందో తేటగా తెలుస్తుంది.

దించేవాళ్ళకి: ముందు, వెనక ఇరుసుల దగ్గర నేల నుంచి కనీసం 100 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఇరుసుల మధ్యలో వీల్‌బేస్‌లో (రెండు ఇరుసుల మధ్య దూరంలో) మీటరుకి 33.33 చొప్పున, అంటే 2.7 మీటర్ల వీల్‌బేస్ ఉంటే 90. స్ప్రింగు చుట్లు కోసేయడం, వేడి చేసి కుంగదీయడం ఎక్కడా ఒప్పుకోరు. సస్పెన్షన్ కదలికలో అసలు ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులు మిగలాలి.

ఎగ్జాస్టు చప్పుడు

ఏడీఆర్ 83 కింద వచ్చిన బండ్లకి తయారీదారు నమోదు చేసిన చప్పుడు అంకె ఒకటి ఉంటుంది. ఆగి ఉన్న బండిని కొలిచినప్పుడు దానికి 5 డెసిబెల్స్ దాటకూడదు. అంతకు ముందు తరం కార్లకి 90 డెసిబెల్స్. అందుకే "నా ఫ్రెండు కారు ఇంతకన్నా గట్టిగా మోగుతుంది" అనే వాదన పనిచేయదు, ఒక్కో మోడలుకి ఒక్కో హద్దు. క్యాటలిటిక్ కన్వర్టరు వెనక ఉన్న మఫ్లర్ మార్చడం వరకు హద్దులోపల ఉంటే పర్వాలేదు. కన్వర్టరు ముట్టుకుంటే రవాణా శాఖతో పాటు పర్యావరణ శాఖ కూడా రంగంలోకి దిగుతుంది.

బుల్ బార్, బరువు, ట్రైలర్

మన కేంద్ర రవాణా శాఖ 2017 చివర్లో క్రాష్ గార్డులు తీసేయించమని రాష్ట్రాలకి రాసింది. ఆస్ట్రేలియాలో పల్లెదారిన రాత్రి పూట కంగారూ ఎదురొస్తుంది కాబట్టి బుల్ బార్ మామూలు సామానే. కానీ ప్రమాణానికి లోబడి ఉండాలి: ఆస్ట్రేలియన్ స్టాండర్డ్ 4876.1. కోసుకుపోయే అంచులు, ముందుకి పొడుచుకొచ్చిన కొక్కేలు, చేపల గాలం పెట్టుకునే గొట్టాలు ఉండకూడదు. మీ బండి ఎయిర్‌బ్యాగులకి పరీక్షించిన మోడలే తీసుకోండి. కొత్త కార్లలో ముందు గ్రిల్లు వెనక ఆటోమేటిక్ బ్రేకింగ్ రాడార్ ఉంటుంది, దానికి ఇనుము అడ్డం పెడితే వ్యవస్థే గుడ్డిదవుతుంది.

బరువు లెక్క చాలామంది వేయరు. ఉదాహరణకి ఖాళీ బండి 2,200 కిలోలు, జీవీఎం 2,900 అనుకోండి, చేతిలో ఉన్నది 700. బుల్ బార్ 60, విన్చ్ 30, రాక్ 30, పైన టెంటు 60, రెండో బ్యాటరీ 25, వెనక డ్రాయర్లు 70, ఫ్రిజ్ తిండితో సహా 45. ఇప్పటికి 320. ఒక్కొక్కరు 75 కిలోల చొప్పున అయిదుగురు ఎక్కితే 375. మొత్తం 695. సరిగ్గా ఇరుకున సరిపోయింది కదా అనుకుంటూ వెనక క్యారవాన్ తగిలిస్తే, టో బాల్ మీద పడే వంద, రెండు వందల కిలోలూ ఈ జీవీఎంలోనే కలుస్తాయి. జీవీఎం దాటిన బండి ఓవర్‌లోడ్ కిందే లెక్క. ప్రయాణానికి ముందు పబ్లిక్ వేబ్రిడ్జి మీద తూచి చీటీ తీసుకోవడం మంచిది. జీవీఎం పెంచే కిట్లున్నాయి. రిజిస్ట్రేషన్‌కి ముందే బిగిస్తే కేంద్రం ఇచ్చే అనుమతి కింద పని జరుగుతుంది, రిజిస్ట్రేషన్ తర్వాత అయితే రాష్ట్రం ఇంజనీరు దగ్గరికి వెళ్ళాలి. 4.5 టన్నులు దాటేలా పెంచితే మామూలు కారు లైసెన్సు చాలదు.

ట్రైలరు సామానుతో కలిపి చక్రాల మీద పడే బరువు 750 కిలోల లోపైతే బ్రేకులు అక్కర్లేదు. దాటి 2,000 దాకా కనీసం ఒక ఇరుసుకి బ్రేకులు ఉండాలి. 2,000 దాటితే అన్ని చక్రాలకీ ఉండాలి, పైగా ట్రైలరు ఊడిపోతే దానంతటదే బ్రేకు పడే ఏర్పాటు కూడా.

లోపలి అమరికలు, దేవుడి బొమ్మలు

ఫోనుకి దుకాణంలో దొరికే అసలైన హోల్డరే వాడాలి, రబ్బరు బ్యాండ్లు, ఒడి పనికిరావు. లెర్నర్లు, పీ ప్లేటు వాళ్ళు (కొత్తగా లైసెన్సు వచ్చిన ప్రొవిజనల్ డ్రైవర్లు) న్యూ సౌత్ వేల్స్‌లో హోల్డర్లో ఉన్నా ఫోను ముట్టుకోకూడదు. డ్రైవరుకి ముందు, వెనక, పక్కల స్పష్టంగా కనబడాలన్నది దేశమంతటా ఉన్న రూలు. మధ్య అద్దానికి వేలాడదీసిన దండలు, పెద్ద ఫొటో ఫ్రేములు దీని కిందే వస్తాయి. సిడ్నీ దగ్గరి హెలెన్స్‌బర్గ్ వెంకన్న గుడిలోనో, మెల్‌బోర్న్ క్యారమ్ డౌన్స్ శివవిష్ణు ఆలయంలోనో వాహన పూజ అయ్యాక చిన్న విగ్రహం డాష్‌బోర్డు మూలన, ఎయిర్‌బ్యాగు మూతకి దూరంగా అంటించుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. పూలదండ, నిమ్మకాయ మిరపకాయల గుత్తి నంబరు ప్లేటు మీదికి వేలాడుతుంటే మాత్రం గుడి గేటు దాటేలోపు తీసేయండి. నంబరు ప్లేటు 20 మీటర్ల దూరం నుంచి అడ్డం లేకుండా కనబడాలి. సైకిల్ రాక్ ప్లేటుని కప్పేస్తే అదనపు ప్లేటు తెచ్చుకుని రాక్‌కి తగిలించాలి.

సీటు కవర్లు కొనేటప్పుడు సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉందేమో చూడండి. ఉంటే దానికి సరిపోయే కుట్టు ఉన్న కవరే వేయాలి.

పిల్లల సీటు విషయంలో మనవాళ్ళు ఎక్కువగా తప్పటడుగు వేస్తారు. ఇండియా నుంచో, అమెరికా నుంచో తెచ్చిన సీటు ఎంత ఖరీదైనదైనా ఇక్కడ చెల్లదు. ఆస్ట్రేలియా న్యూజిలాండ్ ప్రమాణం 1754 ముద్ర ఉన్న సీటే కావాలి, వెనక నుంచి పై పట్టీని బండిలోని కొక్కేనికి తగిలించాలి. ఆరు నెలల లోపు బిడ్డ వెనక్కి తిరిగి కూర్చునే సీటులో, నాలుగేళ్ళ దాకా వెనక్కో ముందుకో తిరిగిన పట్టీల సీటులో, ఏడేళ్ళ దాకా పట్టీల సీటు లేదా బూస్టరు (ఎత్తు పెంచే సీటు). నాలుగేళ్ళ లోపు పిల్లల్ని వెనక వరుస ఉన్న బండిలో ముందు కూర్చోబెట్టకూడదు. అమ్మమ్మలు, నానమ్మలు కొత్తగా వచ్చినప్పుడు "ఒళ్ళో పెట్టుకుంటాలే, ఇక్కడిదాకే కదా" అంటారు. ఎయిర్‌పోర్టు నుంచి బయల్దేరే ముందే చెప్పేయడం మంచిది.

పీ ప్లేటు ఉన్నవాళ్ళకి ఒక మాట

న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, క్వీన్స్‌ల్యాండ్‌లలో టన్నుకి 130 కిలోవాట్లు దాటిన శక్తి ఉన్న బండ్లు, శక్తి పెంచేలా ఇంజను మార్చిన బండ్లు ప్రొవిజనల్ డ్రైవర్లకి నిషేధం. బండికి ఇంజనీరు సర్టిఫికెట్ ఉన్నా మీ లైసెన్సుకి అది చెల్లదు. రెండూ వేరువేరు లెక్కలు.

ఇన్సూరెన్సుకి చెప్పండి

ఆన్‌లైన్ ఫారంలో "వాహనానికి మార్పులున్నాయా" అనే గడి ఉంటుంది. "లేవు" అని నొక్కి నెలకి కొన్ని డాలర్లు మిగుల్చుకోవాలని చూస్తే, పెద్ద ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము కోతో, తిరస్కారమో ఎదురవ్వొచ్చు. రిమ్ములు, లిఫ్ట్ కిట్టు, బుల్ బార్ అన్నీ రాయండి, వాటి విలువ కూడా వేయించండి. లేకపోతే బండి పోయినప్పుడు వాళ్ళు కట్టేది కంపెనీ నుంచి వచ్చిన మామూలు మోడలు ధరే.

వేరేవాళ్ళు మార్చిన బండి కొంటుంటే

చదువుకోడానికి వచ్చిన పిల్లలు మెల్‌బోర్న్ టార్నీట్‌లోనో, సిడ్నీ వెంట్‌వర్త్‌విల్‌లోనో పాత కరోలానో, మాజ్డానో చూసి "స్పోర్టీగా ఉంది" అని ముచ్చటపడతారు. ఆ ముచ్చటలో పడి పాత ఓనరు ఎందుకు అమ్ముతున్నాడో అడగరు. రెండు డాలర్లకి ప్రభుత్వ పీపీఎస్‌ఆర్ వెబ్‌సైట్‌లో వెతికితే బండి మీద అప్పుందో, దొంగిలించినదో, ప్రమాదంలో రైటాఫ్ అయిందో (బాగుచేయడం దండగని ఇన్సూరెన్స్ వాళ్ళు తేల్చేశారో) తెలుస్తుంది. మార్పుల సంగతి మాత్రం అందులో ఉండదు, అది మనమే చూసుకోవాలి. బానెట్ ఎత్తి మాడిఫికేషన్ ప్లేటు ఉందేమో చూడండి, లేకపోతే సర్టిఫికెట్ అడగండి. టైరు సైజు ప్లకార్డుతో పోల్చండి. టేపుతో ఇరుసుల దగ్గర 100 మిల్లీమీటర్లు ఉందో లేదో కొలవండి. విక్టోరియాలో రోడ్‌వర్దీ సర్టిఫికెట్, క్వీన్స్‌ల్యాండ్‌లో సేఫ్టీ సర్టిఫికెట్ అమ్మేవాడి చేతిలో ఉండాలి. "మీరే చేయించుకోండి, ధర తగ్గిస్తా" అంటే ఆ తగ్గింపుకి రెట్టింపు ఖర్చు ఎక్కడో దాగి ఉందని అనుమానించండి. న్యూ సౌత్ వేల్స్‌లో అయిదేళ్ళు దాటిన బండికి ఏటా పింక్ స్లిప్ తనిఖీ ఉంటుంది కాబట్టి ఇవన్నీ ఏదో ఒక సంవత్సరం బయటపడక మానవు.

వేరే రాష్ట్రం నంబరు ప్లేటుతో ఉన్న మార్చిన బండి అయితే ఇంకొంచెం జాగ్రత్త. మీ రాష్ట్రంలో రిజిస్టర్ చేసేటప్పుడు అధికారి మార్పుల్ని మళ్ళీ చూస్తాడు. కొనే ముందే సర్టిఫికెట్ కాపీ తీసుకుని ఇక్కడి ఇంజనీరుకి చూపించండి.

పోలీసు డిఫెక్ట్ నోటీసు అతికిస్తే

విక్టోరియా వైపు దీని పసుపు రంగు చూసి కెనరీ (పసుపు పిట్ట) అంటారు. రోడ్డు పక్కన వాదించడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. నోటీసులో ఏ లోపం రాశారో, ఎప్పటిలోగా సరిచేయాలో, ఆలోపు బండి ఎక్కడికి నడపొచ్చో చదవండి. చిన్న లోపానికి గడువు ఇస్తారు. పెద్ద లోపమైతే అక్కడికక్కడే ఆపేసి ట్రక్కు మీద తీసుకెళ్ళమంటారు. స్టిక్కరు మనమే పీకేస్తే అది మరో తప్పు.

మార్పు సరైనదేనని, సర్టిఫికెట్ కూడా ఉందని మీకు నమ్మకముంటే దాన్ని చూపి నోటీసు రద్దు చేయమని అడగొచ్చు. అందుకే కాపీ ఒకటి ఎప్పుడూ బండిలోనే ఉంచమనేది. సర్టిఫికెట్ లేకపోతే రెండే దారులు: పాత పార్టు మళ్ళీ బిగించి తనిఖీ చేయించడం, లేదా ఇంజనీరుని పట్టుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవడం. మొదటి దారి నాలుగు రోజుల్లో తెమిలిపోతుంది, రెండోది నెలలు పట్టొచ్చు. అందుకని కంపెనీ స్ప్రింగులు, మఫ్లర్, రిమ్ములు ఏవి విప్పినా అమ్మేయకండి, గరాజ్‌లో ఓ మూల పెట్టుకోండి.